రఘురామన్ మాటలు చూసి హోటలు ఎంచేవాడు

మా కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో గోడ అవతలినుంచే నాకు తెలిసిపోతుంది. ఎదురింటి రఘురామన్‌కు మాత్రం తన కంచంలో ఉన్నదేమిటో కూడా తెలియదు. బోడినాయకనూరులో ఏలక్కాయ వ్యాపారం చేసిన మనిషి. నాలుగు కాయలు అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఏ కొండ కాయో చెప్పేవాడు. కిందటేడు ఒక జ్వరం వచ్చి ఆ వాసన ఎత్తుకుపోయింది. దాని వెనకాలే రుచీ పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. మనిషి తిండి మానేశాడు. చొక్కాలు ఒంటిమీద వేలాడుతున్నాయి.

"నేను వండేదంతా మట్టి మాదిరి ఉండాదంట పెద్దక్కా," అని అతని భార్య అమ్మణి కళ్లు తుడుచుకుంది.

అప్పుడు పట్టుకుంది అతనికి ఆ పిచ్చి. కోయంబత్తూరు హోటళ్ల గురించి జనం రాసినవన్నీ ఫోనులో చదవడం. నాలుగున్నర నక్షత్రాలకు తక్కువైతే వేలితో పక్కకు తోసేసేవాడు. మిగిలినవాటిలో మాటలు వెతికేవాడు. "ఉలవల కొళ్ళు రసం తాగితే, వానలో తడిసొచ్చి గొంగడి కప్పుకున్నట్టుంది" అని ఎవరైనా రాశారా, ఆ ఆదివారం ఆ హోటలే. ఆ మాట మనసులో తిప్పుకుంటూ నాలుగు ముద్దలు మింగేవాడు. అతన్ని నిలబెట్టినవి ఆ ముద్దలే.

నేను ఊరుకుంటానా? "నన్నూ పిల్చుకొని పోప్పా, నేనూ చూస్తాను," అని ఒక ఆదివారం వాళ్ల కారెక్కి కూర్చున్నాను.

మేడమీది హోటలు. చినుకులు ఆగి, మబ్బు కిటికీల దాకా దిగి వచ్చింది. బల్లలన్నీ నీళ్లమీద తేలుతున్నట్టున్నాయి. సందగై తెచ్చారు, బియ్యప్పిండి ఆవిరికి ఉడికించి ఒత్తిన తెల్లటి దారాలు. పైన కొబ్బరిపాలు. నిద్రలో ఎవరో మెల్లగా పేరు పెట్టి పిలిచినట్టుందని ఒకరు రాశారట.

రఘురామన్ ఒక ముద్ద నమిలి, చెయ్యి ఆపేశాడు. "పనిచెయ్యలేదక్కా ఈ మాట. ఇంక ఈ ఊర్లో నాకు హోటల్ లేదు."

అమ్మణి ముఖం పాలిపోయింది. ఇంకో మాట దొరుకుతుందేమోనని నేను లేచి పక్క బల్ల దగ్గరకు పోయాను. కొత్త పెళ్లిజంట. "ఏమి తింటా ఉండారు కన్నూ? ఎట్లుండాది?"

"టేస్టీగా ఉండాది పాట్టి," అంది పిల్ల, నన్ను అవ్వను చేసి.

"అది నాకూ తెలుసు. ఏ మాదిరి ఉండాది?"

పిల్ల నవ్వింది. "పాట్టి, ఆరిపోతా ఉండాది. తిననియ్యండి!"

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అమ్మణి అప్పటిదాకా ముట్టలేదు. భర్త అరిటాకులోంచి చిటికెడు తీసుకుని నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది.

"కంబం బస్సులో పోతా ఉండాము," అంది మెల్లగా. "తెల్లారలేదు ఇంకా. కిటికీలోంచి చల్లగాలి. నాకు నిద్ర. మీ భుజంమీద తలకాయ పెట్టినాను. మీరు మేలుకొనే ఉండారు, కదల్లేదు. అట్ల ఉండాది."

రఘురామన్ ఆమెనే చూస్తూ ఒక ముద్ద పెట్టుకున్నాడు. ఇంకొకటి. ఆకు ఖాళీ అవుతోంది.

"రుచి తెలిసిందాప్పా?" అని అడిగాను, ఉండబట్టలేక.

"లేదక్కా," అని భార్య వైపు తిరిగాడు. "మళ్లీ చెప్పు. బస్సు ఎక్కడిదాకా వచ్చింది?"

"అయ్యో, పెద్దక్క ఉండారు, సుమ్మా ఊరుకోండి," అంటూనే అమ్మణి తన ఆకులోది కూడా అతని ఆకులోకి జరిపింది.