నీళ్ల పరుపు

వెన్నుకు ఆపరేషన్ అయ్యాక మా అక్కకు నడుము కింద స్పర్శ పోయింది. పడుకున్న చోటే పుండు పడవచ్చనీ, పడితే ఒక పట్టాన మానదనీ డాక్టర్ చెప్పి పంపారు. మారేడ్‌పల్లి ఇంటికి తెచ్చినప్పటి నుంచి నాకు అదొక్కటే భయం.

సర్జికల్ షాపులో నీళ్ల పరుపు కొన్నాను. రెండు రబ్బరు పొరలు, మధ్యలో నీళ్లు. ఎన్ని నీళ్లుంటే అంత మెత్తగా ఉంటుందనుకొని, కుళాయికి పైపు తగిలించి పొరలు బిగుసుకునేదాకా నింపాను. ఒక్క ముడత లేకుండా పొంగితే ముచ్చటేసింది.

"పరుపు తెస్తానని బల్ల తెచ్చావేంట్రా? భుజాలు ఒత్తుకుంటున్నాయి" అంది అక్క. అలవాటు లేక అలా అనిపిస్తోందన్నాను.

మూడో రోజు ఒళ్లు తుడవడానికి పక్కకు తిప్పితే తుంటి ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ.

వెనకింటావిడ బొల్లారంలో నర్సుగా చేసి రిటైరయింది. పరుగున వెళ్లి పిలుచుకొచ్చాను. పరుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కింది.

"గింత టైట్‌గ నింపుతరా సార్? బరువు పడ్డకాడ నీళ్లు పక్కకు జరగాలె. జరిగితెనే రబ్బరు ఒంటితోని వంగుతది. గిట్లయితే బరువంత ఆ ఎముక మీదనే."

మూత తిప్పి బకెట్లోకి నీళ్లు వదులుతూ, పరుపు కింద, అక్క తుంటి ఉన్నచోట, నా చెయ్యి పెట్టించింది. నీళ్లన్నీ పక్కలకు పోయి ఎముక మంచానికి తగులుతుందేమోనని కొత్త భయం పట్టుకుంది. ఎముక ఇంకా చేతికి తగలకుండా, వేలెడు నీళ్లు మిగిలాయని నేను చెప్పగానే మూత బిగించింది.

తర్వాత మచ్చను బొటనవేలితో నొక్కి వదిలింది. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలట. తెల్లబడకపోతే లోపల కండ చెడుతున్నట్టట. ఎరుపు కదల్లేదు. అక్కను రెండో పక్కకు తిప్పించి, గంటగంటకూ వాటం మార్చమనీ, పొద్దున మళ్లీ నొక్కి చూడమనీ చెప్పి వెళ్లింది.

పొద్దున చేతులు కడుక్కుని అక్క వెనక కూర్చున్నాను. లేచి మళ్లీ కడుక్కున్నాను. తర్వాతెప్పుడో అక్క పోయిన రోజున కూడా నేను అంత భయపడలేదు. ఆ మచ్చ నేను నింపిన నీళ్ల వల్ల వచ్చింది.

"నువ్వు నొక్కినంత మాత్రాన కొత్తగా వచ్చేదేం లేదు. చూడు" అంది అక్క, గోడవైపు తిరిగే.

నొక్కాను. మూడు అంకెలు లెక్కపెట్టి వదిలాను. మచ్చ మధ్యలో తెల్లబడింది. అంచున సన్నటి ఎరుపు మాత్రం అలాగే ఉంది. నమ్మకం చాలక మళ్లీ నొక్కాను.

"ఎంతసేపురా, ఇంకా నొక్కవేం?" అంది అక్క.