ఓడలెక్కినవాళ్ల ఇళ్లల్లో ఎవరు చెప్పారు?

మా చిన్నప్పుడు... మిర్యాలగూడ రైసుమిల్లు గచ్చు మీద ఉడికిన వడ్లు ఆవిర్లు కక్కుతుంటే, అమ్మవాళ్లు వట్టి కాళ్లతో వాటిని తిరగేస్తూ నడిచేవాళ్లు. ఆ చివరి నుంచి ఈ చివరికి... మళ్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి. ఉప్పుడు బియ్యం కావాలంటే వడ్లు ఉడకాలి, ఉడికినవి ఎండాలి. ఎండేదాకా కాళ్లు ఆగకూడదు.

బడి వదలగానే నేను అక్కడికే వెళ్లేదాన్ని. గోడ నీడన కూర్చుని పాఠం పైకి చదవాలి. అది అమ్మ పెట్టిన నియమం. తను బడి మొహం చూడలేదు... చదువు చెవిన పడితేనే నేను చదువుతున్నట్టు లెక్క.

లెక్కలైనా సైన్సైనా చదివితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. సోషల్ పుస్తకం తెరిస్తే మాత్రం గచ్చు మీది ఆడవాళ్లందరి చెవులూ ఇటే!

"గంత పెద్ద గోడ కట్టినోళ్లకు అన్నం ఎవలు వండిండ్రు?"

"ఆ రాజు ఏనుగులను తోలుకొని పోతుంటే దారిల పొలాలన్నీ తొక్కిపోవా?"

"యేసుప్రభువు పుట్టిన్నాడు మన మాడుగులపల్లిల ఎవలున్నరు బిడ్డా?"

ఈ ఆఖరిది మార్తమ్మత్త అడిగింది. అమ్మ పక్క వరుసలో నడిచేది. మాకు చుట్టం కాదు, అయినా అత్తా అనే పిలిచేదాన్ని. ఆమె భర్త, నేను బడిలో చేరకముందే, మరమగ్గాల పనికని భివండి వెళ్లాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి... తర్వాత ఆగిపోయాయి. ఆ సంగతి ఆమె ఎత్తేది కాదు. ఒక్క కూతురు, ఈ గచ్చు, ఆదివారం చర్చి... అంతే ఆమె లోకం. కానీ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసింది లేదు. సద్దిగిన్నె చేత పట్టుకుని తిరుగుతూనే తినేది.

ఒకరోజు మబ్బు కమ్ముకొస్తోంది. "జల్ది... జల్ది!" అని గుమస్తా అరుస్తున్నాడు. అందరూ వడ్లను కుప్పకు లాగుతున్నారు. మర్నాడు నాకు పరీక్ష. నావికుల పాఠం గట్టిగా చదువుతున్నాను... ప్రపంచాన్ని చుట్టిరావాలని కొన్ని ఓడలు బయల్దేరాయి, ఒక్కటే తిరిగొచ్చింది...

మార్తమ్మత్త చేతులు ఆగిపోయాయి.

"కడమోళ్లు?"

"సచ్చిపోయిండ్రత్తా. కొందరు నడుమల యాడనో ఆగిపోయిండ్రంట."

"మరి వాళ్ల ఇండ్లల్ల ఆడోళ్లకు ఎవలు చెప్పిండ్రు? ఎన్నేండ్లని ఎదురుసూసిండ్రు?"

పేజీలు అటూ ఇటూ తిప్పాను. ఓడల పేర్లున్నాయి, దీవుల పేర్లున్నాయి. ఆ ఆడవాళ్ల సంగతి ఒక్క ముక్క లేదు.

గుమస్తా వచ్చి "పనికొచ్చిండ్రా, బడికొచ్చిండ్రా?" అని కసిరి నా పుస్తకం లాక్కుని గోడ మీద పడేశాడు. అంతలోనే చినుకులు. అమ్మ పరదాలు కప్పడానికి పరుగెత్తింది. మార్తమ్మత్త మాత్రం నా దగ్గరికి వంగి, "మీ సారును అడుగు బిడ్డా. మర్సిపోకు..." అంది. ఆ గొంతు వింటే నాకెందుకో భయమేసింది.

పరీక్ష అయ్యాక అడిగాను. క్లాసంతా నవ్వింది. సోషల్ సారు నవ్వలేదు. "పుస్తకంలో లేదమ్మా. తిరిగొచ్చిన ఓడల ఉన్న మనుషులైతే ఉన్నరు గద... ఇంట్లోవాళ్లు పోయి వాళ్లనే అడిగి ఉంటరు" అన్నారు.

సాయంత్రం అదే మాట అత్తకు చెప్పాను. వడ్లలో నడుస్తూనే వింది. వరుస చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, అమ్మ ముందు నిలబడింది.

"వదినె... రేపు సూర్యాపేటకు నాతోని ఒస్తవా?"

భివండికి ఆయనతో కలిసి వెళ్లిన మనిషి ఒకడు ఎప్పుడో తిరిగొచ్చి సూర్యాపేటలో బట్టలు కుడుతున్నాడట. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఒక్కసారీ వెళ్లి అడగలేదు... అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

నన్నూ వెంట తీసుకెళ్లారు. దారి పొడవునా ఆమె బస్సు కిటికీ కమ్మీని వదల్లేదు. మమ్మల్ని చూడగానే ఆ మనిషి మిషను ఆపి తల దించుకున్నాడు.

"బతికే ఉన్నడు చెల్లె. గాడ ఇంకో సంసారం పెట్టుకున్నడు... పిల్లలు గూడ. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక..."

మార్తమ్మత్త ఏడవలేదు. "పానం మంచిగుందా ఆయనకు?" అని మాత్రం అడిగింది. ఉందన్నాడు. "సరే అన్నా" అని లేచింది.

బస్టాండులో కూతురికి గాజులు కొంది. బస్సెక్కాక అమ్మ భుజం మీద తల పెట్టి, మిర్యాలగూడ దాకా కళ్లు తెరవలేదు. ఆమె కదలకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మర్నాడు ఎప్పటిలాగే గచ్చు మీద నడుస్తోంది. నేను బెరుగ్గా గోడ పక్కన కూర్చున్నాను. గుమస్తా అటు వెళ్లాడో లేదో, అత్త నా వైపు తిరిగింది...

"ఏంది, గమ్మునున్నవ్? ఆ పాఠం ఖతమైంది గద. దాని తర్వాతది సదువు."

ఆమె భర్త మళ్లీ రాలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు. కూతురిని నర్సు చదువు చదివించింది. ఇప్పుడు కోదాడలో ఆ పిల్ల దగ్గరే ఉంటోంది.

మొన్న మా పాప ఏదో యుద్ధం గురించి ఫోన్‌ను అడిగింది. అడగడం పూర్తవకముందే జవాబు వచ్చేసింది... మరుక్షణం మర్చిపోయింది కూడా. తప్పు పిల్లదీ కాదు, ఫోన్‌దీ కాదు. కానీ ఆ రోజంతా నాకు మనసు నిలవలేదు. ఒక ప్రశ్న మనిషిని లేపి బస్సెక్కించే కాలం ఎప్పుడు దాటిపోయిందో తెలియనేలేదు...

మీరు పాఠం చదువుతుంటే పని చేసుకుంటూ విన్న పెద్దవాళ్లు మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటారు. వాళ్లేం అడిగారో గుర్తుంటే కింద రాయండి... జవాబు దొరకని ప్రశ్నలైనా సరే.