చూపుడు వేలి మరక

దయ్యాల కథ మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కాని ఒక మరక గురించి చెప్పాలి.

మాది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్. ఆపరేషన్ తర్వాత మొదలైన నొప్పి మాత్రలను అక్క ఆరేళ్ళయినా మానలేకపోయింది. చివరికి తనే అడిగితే, ఊరి శివారున మత్తు అలవాట్లు మాన్పించే ఆడవాళ్ళ నషా విముక్తి కేంద్రంలో చేర్పించాను. ఏమేం వాడుతుందని అక్కడ అడిగితే మాత్రల పేర్లన్నీ రాయించాను. గుడాఖు పేరు రాయించలేదు. పొగాకు, బెల్లం కలిపిన ఆ నల్లటి ముద్దతో ఇక్కడ చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు పొద్దున్నే పళ్ళు తోముకుంటారు. మాకది నషా కాదు, పళ్ళపొడి.

అక్కడ మాత్రం నిషేధం. తోముకున్న వేలికి నల్ల మరక ఉంటుందని రోజూ ఆయా అందరి వేళ్ళూ చూసేది.

రెండో ఆదివారం అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఏటే చిన్నీ, పళ్ళు తోముకోడం కూడా నషాయేనా? ఒక్క డబ్బీ తెచ్చియ్యవే. నా నోటి కంపుకి ఆ ఆయమ్మే పారిపోద్ది.”

అక్క నవ్వి ఎన్నాళ్ళయిందో. తోర్వా బజారులో ఒక డబ్బీ కొని, తువ్వాలు మడతలో పెట్టి ఇచ్చాను.

మర్నాడే దొరికిపోయింది. నన్ను పిలిపించారు. ఎవరు తెచ్చారని ఇద్దరినీ అడిగారు. నేను నేల చూశాను.

“నానే తెచ్చుకున్నాను,” అంది అక్క.

అక్కను కేంద్రం నుంచి పంపించేశారు. ఇంటికొచ్చిన వారానికి మళ్ళీ మాత్రలు. మూడో నెలలో పోయింది.

పన్నెండో రోజు దాటాక, కేంద్రంలో ఉండిపోయిన ఆమె బట్టల కోసం ఒక మధ్యాహ్నం వెళ్ళాను. గేటు దగ్గర అదే ఆయా. సంచీ వెతికి, చేతులు చూపించమంది.

నా కుడి చూపుడు వేలు రెండో కణుపు దాకా నల్లగా ఉంది. గుడాఖు వాసన.

“అచ్ఛా! దీదీ, ఆప్ భీ?” అంది, మీరు కూడానా అన్నట్టు.

నేనెప్పుడూ గుడాఖు వాడలేదు. ఇంట్లో ఒక్క డబ్బీ లేదు. ఆ పొద్దున ఆఫీసులో హాజరు మెషిన్ మీద అదే వేలు పెట్టాను. శుభ్రంగా ఉంది.

“నేను ముట్టలేదమ్మా,” అన్నాను హిందీలో. ఆమె నవ్వి, సంచీ అందించింది.

సబ్బుతో, చింతపండుతో తోమాను. మూడు రోజులు పోలేదు. నాలుగో పొద్దున లేచేసరికి లేదు. ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఈనాటికీ చెప్పలేను.

అక్కడ నేను నోరు మూసుకున్న రోజు అందరూ నమ్మారు. నిజం చెప్పిన రోజు నమ్మలేదు.