తొండమెత్తే ఏనుగు

మా చిన్నప్పుడు... బోధన్‌లో మా గల్లీ మొత్తానికి బొమ్మల పుస్తకం ఒక్కటే. అది మా ఇంట్లో లేదు. పక్కింటి స్వప్న దగ్గర ఉండేది.

వాళ్ల మేనమామ హైదరాబాద్ నుంచి తెచ్చాడు. అట్టలంత మందం పేజీలు... మూడో పేజీలో ఏనుగు. పక్కనున్న కాగితపు పట్టీ లాగితే తొండం పైకి లేచేది! వదిలితే దిగేది. స్వప్న వాళ్ల అరుగు మీద కూర్చొని పట్టీ లాగుతుంటే, చుట్టూ మూగిన మేమంతా తొండంతో పాటు తలలు ఎత్తేవాళ్లం, దించేవాళ్లం.

నాకు కడుపులో మండేది. ఒక్కసారి లాగాలి... ఒక్కసారి, అంతే.

ఓ రోజు చెయ్యి చాపాను. స్వప్న వాళ్లమ్మ నా వేళ్లు పట్టుకొని వాసన చూసింది.

"తంబాకు వాసనొస్తంది పిల్లా. ముట్టకు. సబ్బుతోని కడుక్కోని రా పో."

వాసన రాక ఏమవుతుంది? మా అవ్వ (మావైపు అమ్మను అట్లాగే పిలుస్తాం) బీడీలు చుట్టేది. వాటి మూతులు మడవడం నా పని. నా పలక కూడా అవ్వ ఒళ్లోని చాటే... తంబాకు పొడి పరిచి, వేలితో 'అ' దిద్దేదాన్ని. తుమ్మొస్తే 'అ' ఎగిరిపోయేది.

సబ్బుతో కడిగాను. బూడిదతో రుద్దాను. మళ్లీ సబ్బు. పరుగెత్తుకొని పోయేసరికి పుస్తకం బీరువాలోకి వెళ్లిపోయింది.

"మూతి గట్ల ముడుసుకున్నవేంది బిడ్డా?" అంది అవ్వ.

"నాకు గసొంటి పుస్తకం కావాలె. తొండం లేసేది."

"గసొంటిది నేనేడికెంచి తేవాలె..." అంటూనే కత్తెర అందుకుంది. పారేయాల్సిన తునికాకు ముక్కను అటు తిప్పి, ఇటు తిప్పి, కత్తిరించి చాటలో పెట్టింది.

"గిదేంది సెప్పు?"

"పంది."

"నీ పాడుగాను! ఏనుగే. తొండం సూడు సక్కగ."

ఆ సాయంత్రం చాటలో నెమలి పుట్టింది, మేక పుట్టింది, చెరకు బండి పుట్టింది. ఒక్కొక్కటి పెట్టి "గిదేంది?" అని అవ్వ అడగడం, నేను తప్పు చెప్పడం, ఇద్దరం నవ్వడం... ఆఖరికి వాటిని పెద్ద ఆకుల మీద పెట్టి బీడీల దారంతో కుట్టింది. ఎనిమిది పేజీల పుస్తకం!

బీడీ ఆకు ఎండకుండా తడి గోనెపట్టాలో చుట్టిపెడతారు. నా పుస్తకాన్నీ అవ్వ అట్లాగే చుట్టి, "బయటికి తియ్యకు. ఎండితే ఇరుగుతది" అంది.

నేను వింటానా? స్వప్నకు చూపించాలి. స్వప్న కుళ్లుకోవాలి. తెల్లారగానే పుస్తకం తీసుకొని వాళ్ల అరుగెక్కాను. ఎండలో కూర్చొని ఎదురుచూశాను... చాలాసేపు.

స్వప్న వచ్చి, తన పుస్తకం ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నేను గర్వంగా నాది తెరిచాను. పటుక్కుమని ఏనుగు విరిగింది. తొండం పొడి పొడిగా రాలింది.

"నీ ఏనుగు తంబాకైపోయిందే!" అని పకపకా నవ్వింది.

నాకు ఒళ్లు తెలియలేదు. ఆమె ఒళ్లోని ఏనుగు పట్టీ పట్టుకొని, బలమంతా పెట్టి లాగాను. అట్ట తొండం ఊడి నా చేతిలోకి వచ్చింది. నేను ఆ పుస్తకాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి... అదే చివరిసారి.

పెద్దయ్యాక సభల దగ్గర పంచే కరపత్రాలు ఏరుకొచ్చి చదువుకున్నాను. చదువు అందరిదీ అన్న మాట కనబడితే చాలు, రక్తం మరిగేది. బీరువాలో దాచిన ప్రతి పుస్తకం మీదా నాకు కోపమే! ఆ కోపంతోనే ఇప్పుడు ఆదివారం ఆదివారం మా అరుగు మీద గల్లీ పిల్లలకు బొమ్మల పుస్తకాలు పరుస్తున్నాను. గోడ మీద ఎర్ర రంగుతో రాశాను కూడా... "ముట్టుకోండి. తిరగేయండి. చినిగితే అతికిద్దాం."

పోయిన ఆదివారం కొత్త పుస్తకం పెట్టాను. నిజామాబాద్ అంతా వెతికి నేను తెచ్చిన పుస్తకం. అందులో తొండమెత్తే ఏనుగుంది.

ఐదేళ్ల శ్రావణి చెరకు ముక్క నములుతూ వచ్చింది. మోచేతుల దాకా రసం. నేరుగా ఏనుగు మీదికే చెయ్యి చాపింది.

"ఏయ్! ముట్టకు! చేతులు కడుక్కోని రా పో!"

అరిచింది నేనే.

శ్రావణి రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

దాని అక్క రెండో తరగతి. గోడ వైపు వేలు చూపించి, "ముట్టుకోండి అని నువ్వే రాసినవ్ గదక్కా?" అంది.

లోపల బీడీలు చుడుతున్న మా అవ్వ కిసుక్కున నవ్వింది. "అడుగు బిడ్డా, గట్టిగడుగు. కడుక్కోమన్నది, ఆడ సెంబెడు నీళ్లన్న పెట్టిందా?"

ఆ దాచుకున్న చేతులు నావే అనిపించాయి. పుస్తకం తీసి శ్రావణి ఒళ్లో పెట్టాను.

అది పట్టీ లాగింది. తొండం లేచింది. నవ్వింది... వేళ్లు నాకింది... మళ్లీ లాగింది. నా కళ్లు మండాయి. కన్నీళ్లు అనుకునేరు! కుళ్లు. ఐదేళ్ల పిల్ల మీద, ఈ వయసులో, పచ్చి కుళ్లు.

ఇప్పుడు ఆ పేజీ చెరకు రసంతో పక్క పేజీకి అతుక్కుంటోంది. నేను తుడవలేదు. మా రోజుల్లో గల్లీకి ఒక్క ఏనుగు, దానికీ తాళం... ఇప్పుడు నా అరుగు మీదే ఏనుగుంది, తాళం లేదు. అయినా ఆ పట్టీ నేనింకా లాగలేదు. పిల్లలు వెళ్లాక లాగుదాం అనుకుంటాను... ఎవరో ఒకరు దాన్ని వదలకుండా కూర్చునే ఉంటారు.

చేతులు వెనక్కి పెట్టుకొని మీరు చూసిన బొమ్మ ఏది? దాచుకోకుండా చెప్పండి... కుళ్లుకున్నది నేనొక్కదాన్నే కాదని తెలిస్తే మనసు కాస్త నెమ్మదిస్తుంది.