బోర్లించిన ముంత

నా చిన్నప్పుడు మా పేటలో క్రైస్తవుల ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఆడవాళ్ళు అందులోంచి ఒక పిడికెడు ఆ ముంతలో వేసేవారు. అది దేవుడి బియ్యం. ఆదివారం ప్రార్థన పాకలో బల్ల ముందున్న బుట్టలో పోసేవారు. పంతులుగారి ఇంటికీ, దిక్కులేని వాళ్ళకూ ఆ బియ్యమే వెళ్ళేవి.

మా మామ్మ ముంత ఎప్పుడూ నిండుగా ఉండేది. గింజ విరగని బియ్యం దేవుడికి, నూకలు మాకు. ఆమె బాగా ముసలితనంలో బాప్తిస్మం తీసుకుంది. అంతకుముందు గడిచిన బతుకంతా వృథా అయిందనీ, మిగిలిన కాస్త కాలంలోనే అదంతా పూడ్చుకోవాలనీ ఆమె తాపత్రయం. నేను ఆకలికి ముంత వైపు చూస్తే చేతి మీద ఒక్కటి వేసేది. "ఉత్త చేతుల్తో ఎల్తే పైన తలుపెవరు తీత్తార్రా?" అనేది. నన్ను బెదిరించడానికి అన్న మాట కాదది. ఆమెకు నిజంగానే ఆ భయం ఉండేది.

ఒక వేసవిలో ఎప్పటిలాగే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు కట్టేశారు. కాలువలు ఎండిపోయాయి, పొలాల్లో పనుల్లేవు. అమ్మా నాన్నా పూడిక తీసే పనికి దూరం వెళ్ళారు. ఇంట్లో నేనూ మామ్మా మిగిలాం. శనివారం నాటికి నూకలు కూడా అయిపోయాయి.

మా పక్కింటి అక్క బాలింత. వాళ్ళు అంతకు ముందు ఏడాది దాకా మాతోపాటే ప్రార్థనకు వచ్చేవారు. కామందు పని మానిపిస్తానని బెదిరించేసరికి రావడం మానేశారు. వాళ్ళ మీద పేటలో అందరికంటే మా మామ్మకే కోపం ఎక్కువ. ఆ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని నాతో చాలాసార్లు అంది.

ఆ మధ్యాహ్నమంతా తాటాకు దడి అవతల పసిబిడ్డ ఏడుస్తూనే ఉంది. తల్లికి తిండి లేదు, పాలు పడలేదు. మామ్మ దడికి వీపు పెట్టి కూర్చుని పాట పాడుకుంది. గొంతు పెంచి పాడింది. కాసేపటికి బిడ్డ ఏడుపు సన్నబడింది. మామ్మ పాట ఆపేసి చెవి ఒగ్గి విన్నది. తర్వాత లేచి, దేవుడి ముంత తీసి, ఎసట్లో మొత్తం పోసింది. పోసేముందు ఆమె చెయ్యి ఒకసారి ఆగడం నేను చూశాను.

అన్నం ఉడికే వాసనకు నాకు ప్రాణం లేచొచ్చింది. మామ్మ ఆ కుండ గంజితో సహా కొంగుతో పట్టుకుని, ఎన్నడూ తొక్కనన్న గడప తొక్కింది. తిరిగి వచ్చేసరికి కుండలో మెతుకు లేదు.

"మరి నాకేదే?" అని ఏడ్చాను.

"నువ్వు రేపటిదాకా ఏడవగలవురా. అది ఏడవలేకపోతంది," అంది.

మర్నాడు ఆమె ఇంట్లో ఉండిపోతుందనుకున్నాను. ఉతికిన చీర కట్టుకుని, ఖాళీ ముంత పట్టుకుని బయలుదేరింది. తన వంతు రాగానే అందరి ముందూ బుట్ట మీద ముంత బోర్లించింది. ప్రతి వారం చేసినట్టే, గింజ అంటుకుని ఉండకూడదని అడుగున అరచేత్తో తట్టింది. ఏమీ పడలేదు.

"ఏంటి వదినా, దేవుడికి గాలి కొలిచావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆడవాళ్ళు నవ్వారు.

"ఏమైందమ్మా?" అన్నారు పంతులుగారు.

"ఈ వారం నా దగ్గరేం లేదండి. ఉత్తదాన్నే వచ్చానండి."

 "కూర్చోమ్మా," అన్నారాయన. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఖాళీ ముంతను ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటికి వస్తూ, "అక్కకి పెట్టానని ఎందుకు సెప్పలేదే?" అని అడిగాను.

"సెప్తే ఆ పెట్టిందాన్ని కూడా దేవుడికిచ్చిన కొలతలో కలిపేత్తార్రా. నేనూ కలిపేసుకుంటాను. ఈ ఒక్కసారీ ఏం లేకుండా ఎల్లాను. దేవుడు గెంటేయలేదు గదా. నువ్వెవరికీ సెప్పకు."

ఆ బిడ్డ బతికింది. ముసలిది ఆకలికి తట్టుకోలేక దేవుడి బియ్యం తినేసిందని పేటలో చెప్పుకున్నారు. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

నేను పెరిగి బోధకుణ్ణయ్యాను. ఎన్నో ఊళ్ళలో మా మామ్మ కథ చెప్పాను. కాని నిండు ముంత కథే చెప్పాను. తాను పస్తుండి కూడా పిడికెడు తప్పలేదనీ, అందుకే ఆమెకు పరలోకంలో తలుపు తెరిచారనీ చెప్పాను. ఆమె మాట నిలబెట్టడానికి మిగతాది దాచానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. నిండు ముంత కథ విన్నాక ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు, బుట్టలు నిండేవి, పెద్దలు నన్ను మెచ్చుకునేవారు. ఖాళీ ముంత కథకు అవేవీ జరగవని నాకు తెలుసు.

ఈ వేసవిలో కూలికి వెళ్ళే ఒకామె ప్రార్థనకు రావడం మానేసింది. ఎందుకని వెళ్ళి అడిగాను. "ముంతలో ఏం లేదండి. మీ మామ్మగారి కథ విన్నాక, ఏ మొహం పెట్టుకుని వత్తానండి?" అంది. నేను ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. మామ్మ చెప్పొద్దన్నదంతా ఆమెకు చెప్పేశాను. నమ్మిందో లేదో తెలియదు. పాతికేళ్ళు ఒకలా చెప్పిన నోటితో ఇప్పుడు ఇంకోలా చెబుతుంటే ఎవరు మాత్రం నమ్ముతారు? అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. మా మామ్మ దేవుడి బియ్యం తినలేదు. ఆ ముంత ఒక ఆదివారం ఖాళీగానూ వెళ్ళింది.

ఈ మధ్య చాలా అలిసిపోతున్నాను. ప్రార్థనకు మోకరిస్తే, నడిచిన ఊళ్ళూ, చెప్పిన ప్రసంగాలూ, పడిన కష్టాలూ అన్నీ వరసగా ముందుకొచ్చి నిలబడతాయి, ఆయనకు చూపించమని. అప్పుడు మామ్మ అరచేతి చప్పుడు వినపడుతుంది. నేనూ నా ముంత బోర్లించి, అడుగున ఒకసారి తట్టి, ఊరికే కూర్చుంటాను.