బెల్లం పొయ్యి దగ్గర తొమ్మిదేళ్ళ తగువు

మా బావ అప్పలనాయుడు నన్ను పదిహేనుమంది ముందు నవ్వులపాలు చేసి ఈ మాఘమాసానికి తొమ్మిదేళ్ళు. ఆ మాటను అదే చోట, అంతమంది ముందు వెనక్కి తీసుకుంటే తప్ప ఆ గడప తొక్కనని మా అప్పతో, అంటే అక్కతో, చెప్పి వచ్చేశాను. తొక్కలేదు. ఈ ఏడు అప్పే ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ ఇద్దరి తగువు తెమిలీసరికి నేనుండను. ఒక్కపాలి రా" అంది. అప్ప కోసం వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను గాని, ఆ మాట వెనక్కి తీయించుకునే రావాలని మనసులో గట్టిగా ఉంది.

తగువు ఆస్తి గురించి కాదు, భూమి వేడెక్కడం గురించి. బావకు బుచ్చయ్యపేట దగ్గర ఒక పల్లెలో చెరకు తోట, సొంత బెల్లం పొయ్యి ఉన్నాయి. ఆ పొయ్యి దగ్గర నిలబడి, ఎండలు ఇలా ముదరడానికి మనుషులు పెడుతున్న పొగే కారణమని అప్పుడు నేనన్నాను. బావ గరిటె ఆపి, "ముప్పయ్యేళ్ళు కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు తగలేసి జీతం తిన్నోడివి, నువ్వేటి బావా నాకు నీతులు సెప్పీది?" అన్నాడు. అందరూ నవ్వారు. పొరుగు రైతు సత్తిబాబు తువ్వాలు నోట్లో కుక్కుకుని మరీ నవ్వాడు. నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ మీద పనిచేసి రిటైరైన మాట నిజమే. అంతమాత్రాన అలా అనవచ్చా?

విజయవాడలో ఉదయం ఆరు దాటాక పగటి రైలు ఎక్కాను. ఆ రైల్లో వెళ్ళేవాళ్ళు ఎడమవైపు సీటు అడగండి. పొద్దుటి ఎండంతా కుడివైపే పడుతుంది. నాకు కుడివైపే ఇచ్చారు. రాజమండ్రి వంతెన మీదికి వచ్చేసరికే చొక్కా వీపుకు అంటుకుంది. ఎదుటి సీటు కుర్రాడితో, ఇదివరకు ఈ నెలలో ఇక్కడ చలికి కిటికీ తలుపు దించుకునేవాళ్ళమని, ఇప్పటి వేడికి మనుషులు పెట్టిన పొగే కారణమని చెప్పాను. "మనుషులే లేనప్పుడు కూడా మంచుయుగాలు వచ్చిపోయాయి కదండీ. అంతా సూర్యుడి వల్లే. వీడియో చూపించనా?" అన్నాడు. "అప్పుడు వేల ఏళ్ళు పట్టింది బాబూ. ఇది నా ఒక్కడి వయసులో జరిగింది" అన్నాను. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను మాట్లాడుతుండగా చెవులు మూసుకున్నవాళ్ళలో అతను మొదటివాడు కాదు.

తునిలో ఇడ్లీ తినవచ్చు, బాగుంటుంది. నేను తినలేదు. పన్నెండేళ్ళ కిందట ఆ ప్లాట్‌ఫాం మీద ఇడ్లీలమ్మే ఒకాయన నాకు చట్నీ వేయకుండా పక్క పెట్టెకు వెళ్ళిపోయాడు.

పదకొండు దాటాక అనకాపల్లిలో దిగాను. అప్ప పెళ్ళయిన కొత్తలో నేను తెల్లవారే పాసింజర్‌లో దిగేవాణ్ణి. చెవులకు మఫ్లర్, చేతులు చంకల్లో. స్టేషన్ బయట ఎడ్లబళ్ళు వరసగా బెల్లం మార్కెట్ వైపు కదులుతుండేవి; బళ్ళ మీద గోనె కప్పిన దిమ్మలు, గోనె మీద మంచు తడి. టీ గ్లాసును తాగడానికంటే ముందు వేళ్ళు కాచుకోవడానికి పట్టుకునేవాళ్ళం. ఈసారి స్టేషన్ మెట్ల మీద నిలబడి చెమట తుడుచుకున్నాను. బస్సుల కాంప్లెక్స్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. కాంప్లెక్స్ ఎదుట మెస్సులో భోజనం; ఆవపెట్టిన అరటికాయ కూర నిజంగా బాగుంది, రెండోసారి అడిగితే మాత్రం వినిపించనట్టు నటించారు.

ఒంటిగంటకు బస్సు. నా పక్కన ఒక చేపల ఆవిడ, కాళ్ళ దగ్గర ఖాళీ అల్యూమినియం బేసిన్. ముందు సీట్లో ఇద్దరు రైతులు ఎండ గురించి మొదలుపెట్టారు. ఒకాయన కలికాలం అన్నాడు, ఇంకొకాయన ఫ్యాక్టరీలు అన్నాడు. నేను కలగజేసుకునే లోపల ఆవిడ, "ఎవులు సేసేరో మీరు తేల్చుకునేలోగా సేప సంద్రం లోపలికి ఎల్లిపోనాది. మావోళ్ళు డీజిలు పోసుకుని దాని ఎనకాల తిరుగుతన్నారు" అంది. రైతులిద్దరూ కిటికీ వైపు తిరిగారు. నేను కూడా.

మళ్ళీ ఆటో మారి, మూడు గంటలకు ఊరు చేరాను. అప్ప నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. బావ పెరట్లోంచి వచ్చి, "వచ్చేవా" అన్నాడు. తొమ్మిదేళ్ళకు ఒక్క ముక్క. నేనూ "వచ్చేను" అన్నాను.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా మొదటి బెల్లం వండే రోజున పాకం చూడటానికి నీళ్ళు పెట్టేది ఇంటి ఇల్లాలి తమ్ముడు. పాకం ముదిరిందో లేదో తెలియాలంటే చుక్క చన్నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూడాలి. ఉండ గట్టిగా నిలిస్తే పెనం దించుతారు. అందుకని ముందురోజు సాయంత్రం మట్టికుండ నిండా నీళ్ళు పోసి, చెరకు గట్టు మీద ఆరుబయట పెట్టేవాణ్ణి. తెల్లారి ఆ నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి. "మా బావ పెట్టిన నీళ్ళు" అని అప్పలనాయుడు ఊరందరికీ చెప్పుకునేవాడు. నేను రాని ఏళ్ళలో ఏం చేశారో అడగలేదు. రేపే మొదటి వంట అని అప్ప అన్నాక, సాయంత్రం కుండ వెతికి నింపి గట్టు మీద పెట్టి వచ్చాను.

తెల్లవారి ఆరింటికి పొయ్యి దగ్గర పదిమంది దాకా ఉన్నారు. సత్తిబాబు కూడా. ఒక్కరి ఒంటి మీద కూడా దుప్పటి లేదు. పెద్ద పెనంలో చెరకు రసం పసుపు నురగ తేలి ఉడుకుతోంది. పొయ్యి నోట్లోకి ఎండిన చెరకు పిప్పి తోస్తున్నారు. వాసన మాత్రం అదే. ఆ వాసనకు నాకు పాతికేళ్ళ వయసు గుర్తొచ్చి, కాసేపు నా కోపం సంగతి మరిచిపోయాను.

నేను కుండ తెచ్చి బావ పక్కన పెట్టాను. ఆయన ఏమీ అనకుండా పాకం చుక్క అందులో వేసి వేళ్ళతో నలిపాడు. ఉండ కట్టలేదు, జారిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది. కుండలో నేనూ చెయ్యి పెట్టి చూశాను. బావి నీళ్ళలాగే ఉన్నాయి, చల్లదనం లేదు. అప్పుడు బావ నావైపు చూడకుండా కోడల్ని కేకేశాడు. "అమ్మా, ఫ్రిజ్‌లో బాటిల్ తే."

తొమ్మిదేళ్ళుగా నేను ఎదురుచూసిన ఘడియ అది.

"ఈ బాటిల్ ఎప్పటినుంచి బావా?" అన్నాను, అందరికీ వినపడేలా.

"నాలుగైదేళ్ళై ఉంటాది."

"మరి మాఘమాసం చలి ఏమైంది?"

"తగ్గింది. తగ్గలేదని నేనన్నానేటి? ఎవులు తగ్గించేరన్న కాడే కదా నీకూ నాకూ తగువు." ఫ్రిజ్ నీళ్ళలో చుక్క వేసి, ఉండ చేసి చూసి, పెనం దించమని చెప్పాడు. దించాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని నావైపు తిరిగాడు. "ఆవేళ నువ్వు మనుసులన్నావు గాని, యేలు ఎటు సూపించేవో గేపకముందా? ఈ పొయ్యి గొట్టం మీదికి సూపించేవు. మా అయ్య బతుకంతా ఈ పొయ్యి కాడే పోనాది. ఈ పొగే లోకాన్ని కాల్సీసిందని అందరి ముందూ అంటే నేనేటి సెయ్యాలి? నీ కాళ్ళట్టుకోవాలా?"

నాకు గుర్తుంది. అంటే, ఆయన చెప్పాక గుర్తొచ్చింది. ఎవరు ఎక్కడ ఎలా నవ్వారో తేదీతో సహా దాచుకున్న నేను, నా వేలు సంగతి మాత్రం దాచుకోలేదు.

పొయ్యిలో పిప్పి మండుతోంది. అది కిందటి ఏడు గాలి పీల్చి పెరిగిన చెరకు. దాని పొగను వచ్చే ఏటి చెరకు మళ్ళీ పీల్చుకుంటుంది. బొగ్గు సంగతి అది కాదు. ఎన్ని యుగాలో భూమి లోపల పడి ఉన్నదాన్ని పైకి తీసి, వ్యాగన్ల కొద్దీ నా కళ్ళముందు బాయిలర్‌లోకి పంపించాను. ఆ తేడా నాకు ఉద్యోగంలో ఉండగానే తెలుసు. తెలిసి కూడా ఈ గొట్టం మీదికి వేలు చూపించాను.

"బావా, వేలు తప్పు చోటికి చూపించాను. నీ పొయ్యి కాదు. నా బొగ్గే" అన్నాను. గొంతు తగ్గించలేదు. సత్తిబాబు వైపు కూడా చూశాను.

బావ తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "ఉండెహె. నువ్వొక్కడివీ ఊదితే లోకం ఏడెక్కిపోడానికి నువ్వంత మొనగాడివేటి?" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. సత్తిబాబుకు తువ్వాలు అందలేదు. నేను కూడా నవ్వాను. అది నాకే వింతగా అనిపించింది.

"నేనొక్కణ్ణే కాదు బావా. నాలాంటివాళ్ళం చాలామంది" అన్నాను.

"సాలు. మనుసుల వల్లంటే నేనొప్పుకోను. కాఫీ తాగుదాం రా."

ఎవరైనా బెల్లం వండటం చూడాలనుకుంటే ఫిబ్రవరి చివరికి ముందే వెళ్ళండి, ఆరింటికల్లా పొయ్యి దగ్గర ఉండండి. స్వెట్టర్ అక్కర్లేదు.

రెండు రోజులుండి తిరుగు ప్రయాణమయ్యాను. బావ దిమ్మలు మార్కెట్‌కు వేసుకొస్తూ నన్నూ వ్యాన్ ముందు సీట్లో అనకాపల్లి తీసుకొచ్చాడు. దారంతా వాదించుకున్నాం. రైలు కదిలేటప్పుడు కిటికీ చువ్వలు పట్టుకుని నాలుగడుగులు నడుస్తూ, "వచ్చే యేడు తేల్చుకుందాం, మీ అప్పకి సెప్పి ఉంచుతాను" అన్నాడు. ఒప్పుకోడు. నాకు తెలుసు. వచ్చే ఏడు నేనూ ఊరుకోను.

ఆయన అన్న బొగ్గు మాట వెనక్కి తీయించుకుందామని వెళ్ళాను. తీయించుకోకుండానే వస్తున్నాను, అది నిజం కాబట్టి.

ఎదుటి సీటాయన కాసేపటికి, "ఏం చేసేవారండీ తమరు?" అని అడిగాడు.

"ముప్పై ఏళ్ళు బొగ్గు కాల్చాను" అన్నాను.

ఆయన తల ఊపి, తన పేపర్ సగం మడిచి విసురుకోమని ఇచ్చాడు. సామర్లకోట దాకా విసురుకుంటూనే ఉన్నాను.