గుర్రం అడుగున పేరు

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా రోడ్డు వెంట ఒకప్పుడు ఏ గోడ చూసినా శ్రీశైలం చేతిరాతే. ఎరువుల దుకాణం, పళ్ల డాక్టరు, సైకిల్ మరమ్మతు, ఎన్నికల గుర్తులు, అన్నీ ఆయన రాసినవే. అక్షరం రాశాక దాని కుడి పక్కనా కిందా నల్లటి నీడ దిద్దేవాడు. ఆ నీడ పడితే చాలు, అక్షరం గోడ మీద నుంచి లేచి మనిషికి ఎదురొచ్చేది. అన్నీ అయ్యాక కింద మూలన చీమలంత అక్షరాలతో 'శ్రీశైలం ఆర్ట్స్' అని సంతకం. చేతికొచ్చే కూలి కంటే ఆ సంతకమే ఆయనకు ముద్దు. బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చుని తన పేరు ఎన్ని చోట్ల కనబడిందో చూసుకుంటూ పోయేవాడు.

తర్వాత మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల్లో పనిచేసేవాళ్లకు మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్‌లు కావాలనిపించింది. అమ్మేవాళ్లకు బోర్డులు కావాల్సి వచ్చాయి. శ్రీశైలానికి పని పెరగాల్సింది. పెరిగింది గానీ, ఫ్లెక్సీ మిషనుకు పెరిగింది. మిషను సంతకం పెట్టదు. ఉన్న సంతకాల మీద తన గుడ్డ కప్పేస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి చేవెళ్ల బస్టాండు గోడ మీద తప్ప శ్రీశైలం పేరు ఎక్కడా మిగల్లేదు.

అలాంటి రోజుల్లో మొయినాబాద్ మాణిక్యం పటేలు కొడుకు సాయి కిరణ్ కబురు పెట్టాడు. పిల్లవాడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఆదివారమైతే స్నేహితులను వెంటేసుకుని నాన్న తోటలోని ఇంటికి వచ్చి, పెద్ద బల్ల మీద యుద్ధం ఆట ఆడతాడు. బొటనవేలంత సైనికులు, పాచికలు, కొలబద్ద. పెద్దవాళ్లకు ఇదేం పిచ్చి అనుకోనక్కర్లేదు. రాజుల కాలంలో పటాలు పరుచుకుని సీసపు బొమ్మలతో యుద్ధాలు నేర్చుకున్నవాళ్లున్నారు. చదరంగం మాత్రం ఏమిటి, పేరు పెద్దది గానీ అదీ బొమ్మల యుద్ధమే కదా.

"శ్రీశైలం అన్నా, ఇవన్ని గ్రే కలర్ల వస్తయి. మనమే పెయింట్ చేసుకోవాలె. ఎర్ర సైన్యం ఇరవై, నీలం ఇరవై," అని సాయి కిరణ్ డబ్బాలు ముందు పెట్టాడు. ఆ పైన గుర్రం మీద కూర్చున్న రాజును తీసి అరచేతిలో నిలబెట్టాడు. "ఇది మాత్రం స్పెషల్. బెంగళూర్ల పోటీ ఉన్నది. అందులో పెడత. ఎవరు పెయింట్ చేసిండ్రో పేరు అడుగున రాయాలె, రూల్ అది. ముందు ఈ నలభై చెయ్యి. మంచిగొస్తె రాజు నీదే."

పేరు అన్న మాట వినగానే శ్రీశైలం మిగిలింది వినలేదు. ఫ్లెక్సీ కప్పలేని చోటు ఒకటి దొరికింది. గుర్రం కాళ్ల కింద.

మొదటి తప్పు ఆయనే చేశాడు. సైనికుల కాళ్ల కింద మట్టి, గడ్డి పూసే పని తనకు చిన్నతనమనిపించి, పక్కింటి కుమ్మరి రామమ్మను పిలిచాడు. యాభై దాటిన మనిషి. ఆషాఢం వస్తే ఊరందరి బోనాల కుండలకూ రంగులు వేసేది ఆమే.

"వదినె, మట్టి సంగతి నీకంటె ఎవరికి ఎరుక? జర ఈ కాళ్ల కింద పూసిపెట్టు."

"కాళ్ల కిందనేనా మరిదీ? మీదికి చెయ్యి పెడ్తె కొడ్తవా ఏంది?" అని నవ్వింది రామమ్మ.

కొట్టలేదు. ముప్పై అయిదు బొమ్మలయ్యాక కళ్లు మండి, మిగిలిన ఎర్ర సైనికులు అయిదుగురినీ ఆమె ముందుకు తోశాడు. అది రెండో తప్పు.

ఆమె ముందు ఎర్రరంగు పలుచగా పూసి ఆరనిచ్చింది. తర్వాత నలుపులో ఇటుకపొడి రంగు కలిపి, చారంత పలుచగా నీళ్లు పోసి, బొమ్మ మీద వదిలింది. ఆ నీళ్లు వాటంతట అవే అంగీ మడతల్లోకి, వేళ్ల సందుల్లోకి, గడ్డం కిందికి జారి కూర్చున్నాయి. ఎక్కువైన చోట గుడ్డ కొసతో అద్దింది. నీడ వేయలేదు, నీడే వెతుక్కుంటూ పోయి చేరింది. అది ఆరాక ఎరుపులో పసుపు కలిపింది. తెలుపు కలిపితే గులాబీ అయిపోతుందని శ్రీశైలానికి తెలియడానికి మూడేళ్లు, ఒక ఎరువుల దుకాణం బోర్డు పట్టాయి. ఈమెకు ఎవరు చెప్పారు? కుంచెను ఆ రంగులో ముంచి, పాత గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగు లేదనిపించినప్పుడు బొమ్మ మీద అలా అలా ఆడించింది. భుజాలు, మోకాళ్లు, ముక్కు, ఉబ్బెత్తుగా ఉన్నవన్నీ వెలుగు పట్టాయి. వేలిగోరంత ముఖంలో ముక్కు కనబడాలంటే ముక్కు గీయకూడదు, ముక్కు మీద ఎండ గీయాలి. ఈ రహస్యం కోసం గురువుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లున్నారు. రామమ్మ కుండ మెడ చుట్టూ తాడులా ఉబ్బిన అంచుకు సున్నం ఆడించినట్టు ఆడించేసి, "గంతేనా?" అంది.

శ్రీశైలం ఒక బొమ్మను ఎత్తి చూసి కింద పెట్టాడు. "మంచిగనే ఉన్నది, జర మురికిగ కొడ్తున్నది," అన్నాడు.

"సిపాయిలు మురికిగ ఉండక పెండ్లికొడుకుల లెక్క ఉంటరా?"

ఆదివారం బల్ల మీద రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. సాయి కిరణ్‌తో పనిచేసే సమత అనే అమ్మాయి వంగి చూసి పగలబడి నవ్వింది. "కిరణ్, మీ సైన్యానికి సూర్యుడు అటున్నాడు, నా సైన్యానికి ఇటున్నాడు. ఏ దేశం ఇది, ఇద్దరు సూర్యులు?"

గోడ కదలదు. గోడను మనిషి ఎదుట నిలబడే చూస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లు కుడి పక్కనే నీడ దిద్దిన చెయ్యి, బొమ్మలకూ అన్నింటికీ కుడి పక్కనే దిద్దింది. బొమ్మలు ఎదురెదురుగా తిరిగేసరికి నీడలూ ఎదురెదురయ్యాయి. అంతకంటే ఘోరం ఇంకోటుంది. ఆడేవాళ్లు తమ సైన్యం వెనక కూర్చుంటారు, వాళ్లకు పొద్దంతా కనబడేవి వీపులు. బోర్డు వెనక ఎవరు చూస్తారని శ్రీశైలం ఆ వీపులకు ఒక్క పూత పూసి వదిలేశాడు. ముప్పై అయిదు వీపులు చప్పగా, అయిదు మాత్రం మడతమడతకూ ప్రాణంతో.

"ఈ అయిదు ఎవరు చేసిండ్రన్నా?" అని సాయి కిరణ్ అడిగాడు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ రామమ్మ అక్కడే, తోటకు తెచ్చిన నీళ్ల రంజన్ కుండ దింపుతూ నిలబడి ఉంది. శ్రీశైలం గడ్డంతో ఆమె వైపు చూపించాడు.

"అవ్వా, నువ్వా? నీడ అన్ని దిక్కుల సరిగ్గ ఎట్ల పడ్డది?" అని సాయి కిరణ్ ఆమె వైపు తిరిగాడు.

"బోనం నెత్తిన పెట్టుకుంటె కుండ తిరుగుతది బిడ్డా, చూసేటోళ్లు చుట్టూ ఉంటరు. ఎండ మాత్రం మీదికెల్లే పడ్తది. గందుకే మీద వెలుగు, కింద నీడ. అంతకంటె ఏమున్నది?"

రాజు రామమ్మ చేతికి పోయాడు.

ఆ వారమంతా శ్రీశైలం ఏదో ఒక సాకుతో ఆమె అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అగ్గిపెట్టె అడిగాడు, తారీఖు అడిగాడు. కళ్లు మాత్రం గుర్రం మీద. గుర్రం కండలు ఒక్కో రోజూ ఒక్కో పూతతో లేస్తున్నాయి. ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా అని డెక్క నుంచి జూలు దాకా వెతికాడు. దొరకలేదు. దొరకని ప్రతి రోజూ అన్నం తక్కువ తిన్నాడు. ఆమె చెయ్యి వణికితే బాగుండుననుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడి మళ్లీ అదే అనుకున్నాడు.

శనివారం పొద్దున రామమ్మే గుర్రాన్ని గుడ్డలో పొదువుకుని వచ్చింది.

"మరిదీ, అడుగున పేరు రాయాలెనంట. నాకు అక్షరం ముక్క రాదు. నీ అంత సన్నగ రాసేటోడు ఈ చుట్టుపక్కల లేడు. జర నా పేరు రాసియ్యి."

గుర్రాన్ని బోర్లించి పట్టుకున్నాడు. అడుగున నున్నటి చోటు, రూపాయి బిళ్లంత. సన్నకుంచె తీశాడు, ఊపిరి బిగబట్టాడు. ఆమెకు చదువు రాదు. బొమ్మ రేపు పొద్దున బెంగళూరు బండెక్కుతుంది. అక్కడివాళ్లకు ఎవరు శ్రీశైలమో, ఎవరు రామమ్మో ఏం తెలుసు? చెయ్యి తనకు అలవాటైన దారిన పోయింది. చీమలంత అక్షరాలు, ఇరవై ఎనిమిదేళ్ల సంతకం. ఎన్నడూ ఇంత బాగా కుదరలేదు.

"ఏదీ," అని రామమ్మ అందుకుని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"గిది నీ పేరు కదా మరిదీ?"

శ్రీశైలం కుంచె కింద పెట్టాడు. "నీకు చదువు రాదంటివి?"

"చదువుడెందుకు? బస్టాండ్ల కుండలు పెట్టుకొని ఎన్నేండ్లు కూసున్న? గోడకు ఆ మూలకు గీ బొమ్మే ఉంటది. ఈ మలుపు, ఈ తోక. నా కండ్లకు ఎప్పుడో పట్టుకపోయింది." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే శ్రీశైలానికి తేలికయ్యేది.

"అలవాటు వదినె. చెయ్యి అట్లనే పోయింది."

"పోతది," అంది రామమ్మ. అని గుర్రాన్ని మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

ఇన్నేళ్లుగా తన సంతకాన్ని గుర్తుపట్టిన మనిషి చేవెళ్ల మొత్తంలో ఈమె ఒక్కతే. ఆ సంగతి కూడా ఈమె నోటనే వినాల్సి వచ్చింది. ఒళ్లు మండింది. రంగు ఆరకముందే తడిగుడ్డతో తుడిచేశాడు. కుంచె కడిగి, 'రామమ్మ' అని రాశాడు. ఇచ్చేయబోయి ఆగి, నలుపు అందుకున్నాడు. ప్రతి అక్షరానికీ కుడి పక్కనా కిందా నీడ దిద్దాడు. అడుగుకు ఎండ ఎటు నుంచీ పడదు. అక్కడ నీడ ఎటు వేసినా తప్పు పట్టేవాడు లేడు.

రామమ్మ చూసుకుంది. "నా పేరు గిట్లుంటదా? లేచొస్తున్నట్టున్నదే!"

"నీడ వేస్తె అట్లనే లేస్తది," అని శ్రీశైలం ముఖం తిప్పుకుని, కుంచెను మళ్లీ మళ్లీ కడగసాగాడు.